కంప్యూటర్‌ని ఆంప్‌కి కలపాలంటే హెడ్‌ఫోన్ జాక్ చాలదా, డాక్ కొనాల్సిందేనా?

కొత్తచెవి:
అందరికీ నమస్కారం. ఇంట్లో మూలన పడి ఉన్న పాత స్టీరియో ఆంప్లిఫయర్‌ని, రెండు చెక్క స్పీకర్లని దుమ్ము దులిపి బయటికి తీశాను. లాప్‌టాప్ హెడ్‌ఫోన్ జాక్‌లో 3.5 ఎంఎం పిన్ను, అటు చివర ఎరుపు తెలుపు పిన్నులు ఉండే కేబుల్‌తో ఆంప్‌కి కలిపాను. పాట వస్తోంది గానీ రెండు బాధలు. ఒకటి, వెనకాల ఎప్పుడూ గుంయ్‌మని మోత. రెండోది, లాప్‌టాప్ వాల్యూమ్ పది దాటితే చాలు, గొంతులు పగిలిపోతున్నాయి, బేస్ అంతా ముద్దముద్దగా ఉంది. ఒక ఫ్రెండ్‌కి చెబితే "హెడ్‌ఫోన్ జాక్ అంటే అంతే, డాక్ కొనుక్కో" అన్నాడు. డాక్ అంటే డీఏసీ, అంకెల రూపంలో ఉన్న పాటని ఆడియో సిగ్నల్‌గా మార్చే విడి పెట్టెట. నిజంగా కొనాలా? ఆ జాక్ ఇక దేనికీ పనికిరాదా?

శుద్ధస్వరం:
మీ ఫ్రెండ్ చెప్పింది అక్షరాలా నిజం. లాప్‌టాప్‌లో ప్రాసెసర్, ఫ్యాను, వైఫై అన్నీ ఒకే బోర్డు మీద ఇరుక్కుని ఉంటాయి. ఆ రద్దీలో గోరంత చిప్పు ఒకటి పెట్టి, సంగీతం వినండి అంటారు. యూఎస్‌బీ డాక్ పెడితే అంకెల్ని ఆడియో సిగ్నల్‌గా మార్చే పని ఆ గోలకి దూరంగా, వేరే పెట్టెలో జరుగుతుంది. పైగా ఇప్పటి డాక్‌లలో ఆ మార్పిడి వేగాన్ని నడిపే గడియారం డాక్‌దే ఉంటుంది, దాని వేగానికి తగ్గట్టు కంప్యూటరే డేటా పంపాలి. దీన్నే అసింక్రనస్ పద్ధతి అంటారు. నేను డాక్ పెట్టిన రోజు, వేరే పని మీద గదిలోకి వచ్చిన మా అమ్మ కూడా "ఏంట్రా ఇవాళ పాట ఇంత బాగుంది" అంది. ఆవిడకి డాక్ అంటే ఏమిటో తెలియదు. తెలియని మనిషికే తేడా తెలిసిందంటే ఇక చర్చ దేనికి?

గుడ్డిపరీక్ష:
అమ్మగారికి తెలిసింది సౌండు పెరిగిందని. వెటకారం కాదు, లెక్క చెబుతాను. లాప్‌టాప్ జాక్ మామూలుగా ఒక వోల్టు దగ్గర ఇస్తుంది. విడి డాక్‌లు చాలావరకు సీడీ ప్లేయర్ల లాగే 2 వోల్టులు ఇస్తాయి. వోల్టేజి రెట్టింపైతే 6 డెసిబెల్స్ పెరిగినట్టు. ఆంప్ నాబ్ ముట్టుకోకుండా జాక్ తీసి డాక్ పెడితే పాట ఒక్కసారిగా ముందుకొచ్చినట్టు, గొంతు విచ్చుకున్నట్టు ఉంటుంది. మన చెవి గట్టిగా ఉన్నదాన్నే బాగుందనుకుంటుంది. రెండిటి సౌండు సమానం చేసి, ఏది మోగుతోందో చూడకుండా విని చెప్పండి. అప్పుడు మాట్లాడుకుందాం.

ఇంకోటి. పరిశోధనల సంగతికి వస్తే, 2007లో ఆడియో ఇంజినీరింగ్ సొసైటీ పత్రికలో మేయర్, మోరన్ అనే ఇద్దరు ఒక పరీక్ష ఫలితం ప్రచురించారు. సీడీ కంటే ఎక్కువ నాణ్యత ఉన్న రికార్డింగులు వినిపిస్తూ, మధ్యలో సిగ్నల్‌ని 16 బిట్, 44.1 కిలోహెర్ట్జ్‌కి, అంటే మామూలు సీడీ స్థాయికి దించారు. దించినప్పుడు ఎవరైనా కనిపెడతారా అని చూశారు. 554 సార్లలో సరిగ్గా చెప్పింది 276 సార్లు. నాణెం ఎగరేసి చెప్పినా అంతే వచ్చేది.

శుద్ధస్వరం:
2007 దగ్గరే ఆగిపోతే ఎలా? 2016లో లండన్ క్వీన్ మేరీ యూనివర్సిటీలో జాషువా రైస్ అనే పరిశోధకుడు ఇలాంటివే 18 ప్రయోగాలు కలిపి, 12,500కి పైగా పరీక్షల లెక్క తీశారు. సరైన జవాబులు 52.3 శాతం. తక్కువే, కానీ అంత పెద్ద లెక్కలో అది గాలివాటుగా వచ్చే అంకె కాదు. ముందుగా శిక్షణ తీసుకున్న వాళ్లయితే ఇంకా బాగా చెప్పారు. చెవికి తెలుస్తుంది. వినడం నేర్చుకోవాలి, అంతే.

మిక్సర్‌మావ:
బాబూ, ఇద్దరూ ఒక్క నిమిషం ఆగండి. ఆ రెండు లెక్కలూ రికార్డింగు నాణ్యత గురించి, జాక్ గురించి కాదు. ఆ అబ్బాయి మోత పోవట్లేదు, గొంతు పగులుతోంది అంటుంటే మీరు 52.3 శాతం అంటారేంటి? రోగం ఒకటి, మందొకటి.

తమ్ముడూ కొత్తచెవీ, నేను ఇరవై ఏళ్లుగా స్టేజీ సౌండు చేస్తున్నా. నీకు మూడు ప్రశ్నలు. ఆంప్ వెనకాల ఆ ఎరుపు తెలుపు పిన్నులు ఏ పేరున్న సాకెట్లలో పెట్టావు? లాప్‌టాప్ చార్జర్ పీకేస్తే మోత ఏమవుతోంది? అదే జాక్‌లో హెడ్‌ఫోన్ పెట్టుకుని వింటే మోత ఉందా? చూసి చెప్పు, ఈలోపు వీళ్లని నేను చూసుకుంటా.

జాక్ అంటే లోకువ ఎందుకో నాకు అర్థం కాదు. నా దగ్గరికొచ్చే గొడవల్లో ముప్పావు వంతు పెట్టె వల్ల రావు, పిన్ను వల్ల వస్తాయి. మొన్న ఒకాయన లాప్‌టాప్ తెచ్చాడు, ట్రాక్ వెయ్యాలి. 3.5 పిన్నుకి లావు అడాప్టర్ తగిలించి మిక్సర్‌లో ఒక్క చానెల్‌లో గుచ్చాడు. డోలు ఉంది, కీబోర్డు ఉంది, పాడే గొంతు మాత్రం లేదు! మనిషి బిక్కచచ్చిపోయాడు, ఫైలు పాడైంది, సౌండ్ కార్డ్ పోయింది అంటాడు. ఏమీ పోలేదు. ఆ సాకెట్ బ్యాలెన్స్‌డ్ ఇన్‌పుట్. రెండు తీగల మధ్య తేడా ఎంతో అదే తీసుకుంటుంది, రెండిట్లో ఒకేలా ఉన్నదాన్ని కొట్టేస్తుంది. స్టీరియో పాటలో ఎడమకి, కుడికి సమానంగా ఉండేది ఏది? నట్టనడుమ పాడే గొంతే. అది కాస్తా పోయింది. రెండు కాళ్ల కేబుల్ తెచ్చి రెండు చానెల్స్‌లో పెట్టేసరికి గొంతు తిరిగొచ్చింది. ఆ రోజు పక్కన డాక్ భక్తుడు ఎవరైనా ఉంటే పాపం ఆయన చేత డాక్ కొనిపించేసేవాడు.

శుద్ధస్వరం:
మావగారూ, తప్పుగా గుచ్చితే ఏదైనా పాడవుతుంది. సరిగ్గా గుచ్చాక ఏది మేలు అన్నదే ఇక్కడి ప్రశ్న.

కొత్తచెవి:
మావా, చూశాను. సాకెట్ల మీద "ఫోనో" అని ఉంది. ఫోన్, లాప్‌టాప్ లాంటివి అక్కడ పెట్టాలి కాబోలు అనుకున్నా :( పక్కన ట్యూనర్, టేప్, ఆక్స్ అని ఇంకా మూడు జతలున్నాయి.

మిక్సర్‌మావ:
హహ్హా! నువ్వొక్కడివే కాదులే, ఇలా చాలామంది పడ్డారు. ఫోనో అంటే ఫోనోగ్రాఫ్. పాత రికార్డులు తిప్పే టర్న్‌టేబుల్ కోసం పెట్టిన సాకెట్. టర్న్‌టేబుల్ ముల్లు నుంచి వచ్చేది 5 మిల్లీవోల్టుల దాకా. నీ లాప్‌టాప్ పంపేది ఒక వోల్టు, అంటే 200 రెట్లు. చెవిలో గుసగుస వినడానికి పెట్టిన గొట్టంలో అరిచినట్టు. పగలక ఏం చేస్తుంది? అంతే కాదు. రికార్డు మీద గీతలు కోసేటప్పుడు బేస్ తగ్గించి, కీచు స్వరాలు పెంచి కోస్తారు. వినిపించేటప్పుడు ఫోనో సాకెట్ దాన్ని తిరగేసి బేస్ పెంచుతుంది, పైవి తగ్గిస్తుంది. నీ పాటకి ఆ అవసరం లేకపోయినా ఆ వాతే పడింది. అందుకే ముద్దగా ఉంది. ఆక్స్‌లోకి మార్చు. ట్యూనర్ అయినా, టేప్ ఇన్ అయినా పర్లేదు, అన్నీ లైన్ ఇన్‌పుట్లే, అంటే నీ లాప్‌టాప్ పంపేంత సిగ్నల్ కోసం పెట్టినవే. టేప్ అవుట్‌లో మాత్రం పెట్టకు, అది బయటికి పంపేది.

కొత్తచెవి:
మావా, దండం! ఆక్స్‌లో పెట్టాను. లాప్‌టాప్ వాల్యూమ్ ఎనభై మీద పెట్టినా పగలట్లేదు. బేస్ విడివిడిగా వినిపిస్తోంది. ఇదే స్పీకరా అనిపించింది. మోత చాలా తగ్గింది, కానీ పోలేదు. పాట ఆపితే సన్నగా గుంయ్. మౌస్ కదిపితే జిర్రుమంటోంది కూడా. చార్జర్ పీకితే రెండూ టక్కున ఆగిపోయాయి. హెడ్‌ఫోన్ నేరుగా పెట్టుకుంటే, చార్జర్ ఉన్నా సరే, ఏ మోతా లేదు.

గుడ్డిపరీక్ష:
హెడ్‌ఫోన్‌లో నిశ్శబ్దం. అంటే శుద్ధస్వరం గారు తిట్టిపోసిన ఆ గోరంత చిప్పు నిర్దోషి. మోత జాక్‌లో పుట్టట్లేదు, కేబుల్ కలిపాక పుడుతోంది.

శుద్ధస్వరం:
మౌస్ కదిపితే జిర్రుమనడం కంప్యూటర్ లోపలి శబ్దం కాదా? అదే నేను మొదటి నుంచీ చెప్పేది. డాక్ పెడితే పోతుంది.

వేడిసోల్డర్:
పోదండీ. నేను కొన్నాను కాబట్టి చెబుతున్నా. సరిగ్గా ఇదే మోత, సరిగ్గా ఇదే జిర్రు, సరిగ్గా ఇదే సలహా. డాక్ పెట్టె విప్పి, యూఎస్‌బీ గుచ్చి, ఆంప్‌కి కలిపి, కళ్లు మూసుకుని కూర్చున్నా. గుంయ్. అదే సుతి, కాస్త స్పష్టంగా! ఎందుకంటే యూఎస్‌బీ కేబుల్‌లో కూడా గ్రౌండ్ తీగ ఉంటుంది. డాక్‌కి కరెంటు వచ్చేది కూడా ఆ కంప్యూటర్ నుంచే. లాప్‌టాప్ చార్జర్‌కి ఒక ఎర్త్, ఆంప్‌కి ఇంకో ఎర్త్, మధ్యలో ఆడియో కేబుల్ తొడుగు. మూడూ కలిసి ఒక పెద్ద ఉంగరం అయింది. ఎర్త్‌లో తిరిగే కొద్దిపాటి కరెంటు ఆ ఉంగరంలో పారుతుంది, దాన్నే ఆంప్ పాటగా అనుకుని పెంచుతుంది. ఇంటి కరెంటు 50 హెర్ట్జ్ అయితే 50 దగ్గర, 60 అయితే 60 దగ్గర మోత, దాని రెట్టింపుల్లో కూడా. దీన్నే గ్రౌండ్ లూప్ అంటారు. కంప్యూటర్ లోపలి జిర్రు కూడా ఆ దారినే నడిచి వస్తుంది. ఉంగరం తెగితే రెండూ పోతాయి, తెగకపోతే ఎంత గొప్ప డాక్ పెట్టినా ఉంటాయి.

పొదుపురాయుడు:
ఇంత రామాయణం దేనికి? ప్లగ్గులో మూడో పిన్ను తీసేయండి. ఎర్త్ లేదు, లూప్ లేదు. నేను అలాగే వాడుతున్నా, ఏమీ కాలేదు.

మిక్సర్‌మావ:
దయచేసి ఎవరూ ఆ పని చెయ్యకండి. ఆ పిన్ను మోత కోసం పెట్టింది కాదు, ప్రాణం కోసం పెట్టింది. లోపల ఎక్కడో కరెంటు తీగ తెగి ఆంప్ బాడీకి తగిలిందనుకో. ఎర్త్ ఉంటే ఫ్యూజ్ కొట్టేస్తుంది. లేకపోతే ఆ బాడీ, దానికి తగిలించిన ప్రతి ఆడియో కేబుల్ తొడుగు, దాని చివరన ఉన్న లాప్‌టాప్ కూడా కరెంటులోనే ఉంటాయి. లాప్‌టాప్ మీద చెయ్యి ఎవరిది? స్టేజీ మీద మైకు పట్టుకుని షాక్ కొట్టించుకున్న మనిషిని కళ్లారా చూశా. రాయుడుగారూ, మీకు ఏమీ కాలేదన్నది మీ అదృష్టం, దాన్ని సలహా చెయ్యకండి.

తమ్ముడూ, నీకు వరసగా చెబుతా. ముందు లాప్‌టాప్ చార్జర్‌ని, ఆంప్‌ని ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులో పెట్టు. ఉంగరం చిన్నదైతే చాలాసార్లు మోత అక్కడే చల్లారుతుంది. ఆంప్‌కి టీవీ కూడా కలిపావా? ఉంటే దాని కేబుల్ కనెక్షన్ ఒకసారి పీకి చూడు, ఎర్త్ ఆ దారిన కూడా వస్తుంది. అప్పటికీ ఉంటే గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ అని చిన్న డబ్బా దొరుకుతుంది. లోపల ఎడమకొకటి, కుడికొకటి రెండు బుల్లి ట్రాన్స్‌ఫార్మర్లు. పాట అయస్కాంతం మీదుగా దాటుతుంది, రాగి తీగ మాత్రం అటూ ఇటూ అంటుకోదు. నాసిరకం వాటిలో లోతు బేస్ కాస్త నలుగుతుంది, అది ఒప్పుకోవాలి.

బొమ్మాబొరుసు:
ఆప్టికల్ గురించి ఎవరూ అనరేంటి? 1983లో తోషిబా తెచ్చిన తోస్‌లింక్. ప్లాస్టిక్ పోగులోంచి ఎర్రటి వెలుగు పోతుంది. వెలుగుకి ఎర్త్ లేదు, కాబట్టి లూప్ అన్న మాటే రాదు. కంప్యూటర్‌కి ఆ సాకెట్ ఉండి, ఆంప్‌కి కూడా ఉంటే కథ అక్కడితో ముగిసింది.

హోమ్ థియేటర్ రిసీవర్ ఉన్నవాళ్లు మాత్రం ఆప్టికల్ దగ్గర ఆగకండి. దాన్లో కంప్రెస్ చేయకుండా పోయేది రెండు చానెల్సే, 5.1, అంటే ఆరు చానెల్స్ సరౌండ్ సౌండ్, కావాలంటే కంప్రెస్ చేసి పంపాలి. హెచ్‌డీఎంఐ అయితే ఎనిమిది చానెల్స్ ఉన్నవి ఉన్నట్టే పోతాయి. కంప్యూటర్ నుంచి రిసీవర్ ఇన్‌పుట్‌కి, అక్కడి నుంచి టీవీకి. టీవీ వెనకాల ఆర్క్ అని రాసి ఉన్న సాకెట్‌లో కంప్యూటర్ పెట్టి సౌండ్ ఎందుకు తిరిగి రావట్లేదని ఇక్కడ నెలకొకరు అడుగుతారు. ఆర్క్ టీవీ నుంచి వెనక్కి వచ్చే దారి, కంప్యూటర్‌కి దానితో పని లేదు.

శుద్ధస్వరం:
చూశారా, ఆప్టికల్ పెట్టాలన్నా అవతల డాక్ ఉండాల్సిందే. కొత్తచెవి గారి పాత ఆంప్‌కి ఆ సాకెట్ ఉండదు. మళ్లీ నా దగ్గరికే వచ్చారు.

గుడ్డిపరీక్ష:
మీ దగ్గరికి రాలేదు, దారిలో మీ ఇల్లు ఉంది. ఆప్టికల్‌తో కలిపిన డాక్ ఆయన మోత తీసేస్తుంది, ఒప్పుకుంటా. అది తీగ తెగడం వల్ల, డాక్ గొప్పదవడం వల్ల కాదు. మీరు చెప్పిన యూఎస్‌బీ డాక్ కొనుంటే డబ్బు పోయేది, మోత మిగిలేది. ఫోనో సాకెట్‌లో పెట్టి ఉంటే గొంతు కూడా పగిలేది, అదీ రెండు వోల్టుల మీద, రెట్టింపు జోరుగా!

మూడువందలఓములు:
నా పేరు చూస్తే నా బాధ మీకు తెలుస్తుంది. నేను ఆంప్, స్పీకర్లు వాడను, 300 ఓముల హెడ్‌ఫోన్ వాడతాను. లాప్‌టాప్ ఇచ్చే వోల్టేజి దానికి చాలదు, వాల్యూమ్ అంతా పెట్టినా సన్నగానే ఉంటుంది. కొన్ని జాక్‌ల అవుట్‌పుట్ ఇంపెడెన్స్, అంటే జాక్ లోపలే సిగ్నల్‌కి ఉండే అడ్డు, కూడా ఎక్కువ. దాన్నీ ఓముల్లోనే కొలుస్తారు. అలాంటి వాటికి తక్కువ ఓముల ఇయర్‌ఫోన్ పెడితే స్వరాల తూకమే మారిపోతుంది. హెడ్‌ఫోన్ ఓముల్లో ఎనిమిదో వంతు కంటే జాక్ ఇంపెడెన్స్ తక్కువుండాలని ఒక వాడుక లెక్క. నాకు విడి డాక్, ఆంప్ లేకుండా గడవదు. జాక్ అందరికీ చాలు అనే వాళ్లు ఇది కూడా చూడాలి.

గుడ్డిపరీక్ష:
ఇది న్యాయమైన మాట. అంగీకరిస్తున్నా. ఆంప్ లైన్ ఇన్‌పుట్ వేల ఓములుంటుంది, దానికి ఏ జాక్ అయినా సులువుగా సరిపోతుంది. హెడ్‌ఫోన్ కథ వేరు.

తీగలేనిబతుకు:
బ్లూటూత్ రిసీవర్ ఒకటి ఆంప్‌కి పెట్టుకుంటే లూపూ ఉండదు, కేబులూ ఉండదు కదా? నేను అదే వాడుతున్నా.

వేడిసోల్డర్:
పాటలకి హాయిగా వాడుకోండి. గేములకి, కీబోర్డు వాయించడానికి మాత్రం పనికిరాదు, సౌండు 150, 200 మిల్లీసెకన్లు వెనకబడటం మామూలే. బ్లూటూత్ హెడ్‌సెట్ వాళ్లకి ఇంకో తలనొప్పి ఉంది. కాల్‌లో దాని మైకు ఆన్ కాగానే పాట టెలిఫోన్‌లో విన్నట్టు అయిపోతుంది. అది హెడ్‌సెట్ మోడ్‌కి మారడం వల్ల. మైకు వేరేది ఎంచుకుంటే మామూలుగా వస్తుంది.

మాటల్లో మాట. డాక్ కొనే ముందు విండోస్ సౌండ్ సెట్టింగ్స్‌లో ఎన్‌హాన్స్‌మెంట్లు అన్నీ ఆపి చూడండి. లౌడ్‌నెస్, వర్చువల్ సరౌండ్ లాంటివి కంపెనీలు ముందే ఆన్ చేసి పంపుతాయి. "జాక్ సౌండ్ ప్లాస్టిక్‌లా ఉంది" అన్నవాళ్లలో కొందరికి అవి ఆపాక ప్లాస్టిక్ పోయింది.

శుద్ధస్వరం:
సరే. ఇంతమంది ఇన్ని మాటలన్నారు కాబట్టి ఈ వారం నేనే పరీక్ష పెట్టుకుంటా. గుడ్డిపరీక్ష గారూ, పద్ధతి చెప్పండి. ఓడిపోతే ఇక్కడే రాస్తా.

గుడ్డిపరీక్ష:
అలా అన్నందుకే మీకు నమస్కారం. 1 కిలోహెర్ట్జ్ టోన్ వేసి ఆంప్ అవుట్‌పుట్ దగ్గర మల్టీమీటర్ పెట్టండి. వాల్యూమ్ తక్కువలో ఉంచండి. ఎక్కువ ఇచ్చే దాన్ని, అంటే డాక్‌ని, సాఫ్ట్‌వేర్ వాల్యూమ్‌తో తగ్గిస్తూ రెండు రీడింగులూ ఒక శాతం తేడాలోకి తెచ్చుకోండి. ఆంప్‌లో రెండు వేర్వేరు ఇన్‌పుట్లకి రెండూ కలపండి. సెలెక్టర్ తిప్పే మనిషి మీకు కనబడకూడదు, తిప్పిన చప్పుడు కూడా ప్రతిసారీ ఒకేలా ఉండాలి. 16 సార్లు. 12 లేదా ఎక్కువ సరైతే మీకు వినిపిస్తోందని ఒప్పుకుంటా.

కొత్తచెవి:
ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులో పెట్టాను. మోత సగానికి సగం తగ్గింది. రాత్రి గది నిశ్శబ్దంగా ఉన్నప్పుడు మాత్రం, చెవి స్పీకర్ దగ్గర పెడితే కొంచెం ఉంది. ఐసొలేటర్ ఆర్డర్ పెట్టాను. డాక్ ప్రస్తుతానికి వద్దు.

శుద్ధస్వరం:
మాట ప్రకారం రాస్తున్నా. 16కి 9. సెలెక్టర్ తిప్పింది మా చెల్లెలు. పదో పాట నుంచి ఆవులిస్తూనే ఉంది. నాలుగోసారి, ఏడోసారి "ఇది ఖచ్చితంగా డాక్" అని చెయ్యెత్తి మరీ చెప్పాను, రెండుసార్లూ జాక్. సౌండు సమానం చేశాక ఆ "గొంతు విచ్చుకోవడం" ఎక్కడికి పోయిందో తెలియలేదు. నా గదిలో, నా ఆంప్‌తో, నా చెవులతో తేలింది ఇది. ఇంతకంటే మంచి సెట్‌లో తేడా తెలియదని నేను ఇప్పటికీ ఒప్పుకోను.

డాక్ మాత్రం అమ్మను. దాని వాల్యూమ్ నాబ్ బరువుగా, మెత్తగా తిరుగుతుంది. రాత్రి చీకట్లో చెయ్యి చాపితే అందుతుంది.

గుడ్డిపరీక్ష:
నాబ్‌కి నేను వ్యతిరేకం కాదు :)

కొత్తచెవి:
ఐసొలేటర్ రేపొస్తుందట. అందాకా చార్జర్ పీకేసి వింటున్నా. బ్యాటరీ 11 శాతం ఉంది, ఇంకో రెండు పాటలొస్తాయి.